నేలక్రింది స్టేషను – మా ఆలూరు గేటు



హైదరాబాదు నుండి చేవెళ్లకు వచ్చువారు మొయినాబాదు దాటిన తరువాత రోడ్డుకు ఇరువైపుల పెద్ద పెద్ద మర్రిచెట్లను చూచియుంటారు. ఆ దారిలోనే మా ఆలూరు గేటు ఉన్నది. గేటు అంటే అక్కడ తలుపు గాని అడ్డుకట్ట గాని ఏమియు లేదు. పెద్దరోడ్డు నుండి ఊరిలోనికి దారి చీలే చోటు, అంతే. బస్సు అక్కడే ఆగుతుంది. తెల్లవారుజామున కోసిన టమాట, బెండ, కొత్తిమీర గంపలు అక్కడే దిగుతాయి. చుట్టుప్రక్కల ఊళ్లవారు రోడ్డు అంచున గోనెసంచి పరచుకొని కూర్చుంటారు. కార్లలో పోయేవారు ఆపి కొనుక్కొని పోతారు.

2024 డిసెంబరు 2వ తేదీ సాయంకాలము ఆ గేటు వద్ద ఒక లారీ అదుపు తప్పి, కూరగాయలు అమ్ముకొనేవారి మీదికి దూసుకువచ్చింది. ప్రాణాలు పోయాయి. ఆ సంగతి పత్రికలలో మీరును చదివియుంటారు. మేము మాత్రము ఇప్పటికిని ప్రతిదినము ఆ చోటు ప్రక్కనుండే పోవుచున్నాము.

ఈ మాట ముందుగా ఎందుకు చెప్పుచున్నానంటే, నేను వ్రాయబోయేది చెన్నై పట్టణములో భూమి క్రింద చూచిన ఒక రైలు స్టేషను గురించి. అక్కడ నడిచినంతసేపు నా కళ్లముందు మా గేటే ఉన్నది.

2025 మే నెలలో మా సంఘములోని ఒక పెద్దమ్మ చెన్నైలో ఉన్న తన కూతురును చూడవలెనని కోరింది. కూతురు కాన్పు అయి నెల దాటింది. అల్లుడు కోయంబేడు దగ్గర మేస్త్రీ పని చేసుకొని బ్రతుకుతున్నాడు. తోడు పోవుటకు ఇంటిలో ఎవరికిని వీలు కాలేదు గనుక నేను బయలుదేరాను. ఈ పెద్దమ్మ కూడ ఆలూరు గేటు వద్ద కూరగాయలు అమ్ముతుంది. ప్రమాదము జరిగిన సాయంకాలము సరుకు త్వరగా అయిపోయినందున ముందే ఇంటికి వచ్చింది. అప్పటినుండి వెనుక హారను మ్రోగితే చాలు, ఉలికిపడుతుంది.

రాత్రి బండి ఎక్కి తెల్లవారి చెన్నై సెంట్రల్‌లో దిగాము. అక్కడినుండి కోయంబేడుకు మెట్రో రైలు ఉన్నది. మన హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనప్పటినుండి స్తంభాల మీదనే నడుస్తున్నది. అమీర్‌పేటలో ఒక లైను మీద మరొక లైను ఆకాశములోనే దాటుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో నేలక్రింది మెట్రో స్టేషను ఇంకను లేదు. చెన్నైలో నేలక్రింద మొదటి భాగము 2017 మే నెలలో తెరిచారు. ఆ మరుసటి సంవత్సరము మే 25వ తేదీన అది సెంట్రల్ వరకు వచ్చింది. 2019 ఫిబ్రవరిలో రెండవ లైను కూడ అక్కడికి చేరింది. ఇప్పుడు సెంట్రల్‌లో రెండు లైనులు ఒకదాని క్రింద ఒకటి పోవుచున్నవి. అమీర్‌పేటను తలక్రిందులు చేసి భూమిలో పాతిపెట్టినట్లు ఊహించుకోండి.

రోడ్డు మీదినుండి ద్వారములోనికి పోగానే మెట్లు లోపలికి దిగుతున్నవి. పెద్దమ్మ తొంగిచూచి, "అయ్యగారూ, గిది దిగుడుబాయి లెక్కనే ఉన్నది. నీళ్లు లేవు, గంతే" అన్నది.

ఆమె మాట చాల సరిగా ఉన్నది. ఇటువంటి స్టేషను కట్టుట బావి త్రవ్వుట వంటిదే. ముందుగా స్టేషను హద్దు పొడవున సన్నని లోతైన కందకము త్రవ్వి, ఇనుపకడ్డీలతో కాంక్రీటు గోడలు దింపుతారు. ప్రక్కనున్న భవనములు క్రుంగకుండ, మన్ను కూలకుండ ఆ గోడలే కాపాడును. అనేక చోట్ల తరువాత పైకప్పు వేసి, దానిమీద రోడ్డు మరల తెరిచి, ఆ కప్పు క్రింద ఒక్కొక్క అంతస్తు త్రవ్వుకొంటూ దిగుతారు. మనము ఇల్లు పునాది నుండి పైకి కడతాము. వీరు కప్పు వేసి క్రిందికి కడతారు. స్టేషనుకును స్టేషనుకును మధ్య సొరంగమును మాత్రము పెద్ద యంత్రము గుండ్రముగా తొలుచుకొంటూ పోవును.

లోపలి అమరిక తెలిసికొంటే ఎవరును భయపడనక్కరలేదు. మొదటి అంతస్తు ఒక పెద్ద హాలు. టికెట్టు తీసికొనుట, సామాను తనిఖీ, దారి అడిగి తెలిసికొనుట అంతయు అక్కడే. హాలు మధ్యలో వరుసగా చిన్న గేట్లు ఉన్నవి. గేటుకు ఇవతల టికెట్టు లేనివారు ఉండవచ్చును, అవతలికి టికెట్టు ఉన్నవారే పోవలెను. బండి వచ్చే ప్లాట్‌ఫారం ఇంకను క్రింద. జనము గుంపుగా నిలబడే చోటు పైన, బండి కదిలే చోటు క్రింద, రెండును కలియకుండ అంతస్తులుగా విడదీశారు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. కదిలే మెట్లను చూచి వెనుకకు తగ్గింది. ప్రక్కనే లిఫ్టు ఉన్నది గనుక దానిలో దిగాము. ఆమెకు తమిళము రాదు, ఇంగ్లీషు రాదు, తెలుగు కూడ చదవలేదు. అయితే లైనులకు రంగులు ఉన్నవి, ఒకటి నీలము, ఒకటి పచ్చ. "పెద్దమ్మా, నువ్వు పచ్చరంగు చూసుకుంట పోతే చాలు" అన్నాను. తిరుగు ప్రయాణములో ఆమెయే ముందు నడిచి నాకు దారి చూపింది.

నేలమీద పసుపుపచ్చని బిళ్లలు పరచియున్నవి. వాటిమీద పొడుగు గీతలుంటే ముందుకు నడువుమని, చుక్కలుంటే ఆగి చూడుమని అర్థము. అంధులు కాలితోను కర్రతోను వాటిని తెలిసికొందురు. జపాను దేశములో సెయిచీ మియాకే అను ఆయన వీటిని కనిపెట్టగా, 1967లో ఒకయామా పట్టణములో అంధుల పాఠశాల దగ్గర మొదట పరిచారు. నేడు లోకమంతట ఉన్నవి.

ప్లాట్‌ఫారం మీదికి దిగిన తరువాత పెద్దమ్మ నిలిచిపోయింది. అక్కడ పట్టాలు కనబడవు. అంచు పొడవున అద్దపు గోడ ఉన్నది. బండి గోడ అవతల వచ్చి ఆగింది. గోడలోని తలుపులు, బండి తలుపులు ఎదురెదురుగా తెరుచుకొన్నవి. రెండును సరిగా మూసుకొంటేనే బండి కదులును. గోడ వలన లోపలి చల్లదనము సొరంగములోనికి పోదు, కరెంటు ఆదా అగును. అంతకంటె ముఖ్యము, ఎవడైనను కాలుజారినను, వెనుకనుండి జనము నెట్టినను, పసిబిడ్డ చేయి విడిపించుకొని పరుగెత్తినను, బండి క్రింద పడుటకు వీలులేదు.

మేము ఆ బండి ఎక్కలేదు. పెద్దమ్మ అద్దమును చేతితో తడుముతున్నది. "బండి గోడకు అవుతల, మనిషి ఇవుతల. మా గేటు కాడ గింత గోడ ఉంటే గా దినం..." అని ఆగిపోయింది. నాకును మాట రాలేదు. తరువాతి బండిలో పోయాము.

ఎగ్మోరు, కీల్పాక్, షెనాయ్ నగర్, తిరుమంగళము వరకు అంతయు నేలక్రిందనే. తరువాత బండి మెల్లగా పైకెక్కి వెలుతురులోనికి వచ్చింది. ఆ చీకటిలో కూర్చున్నంతసేపు నేను ఒక సంగతి ఆలోచించాను. ఇంత జాగ్రత్త మనుష్యులకు ఒక్కదినమున రాలేదు.

లోకములో మొదటి నేలక్రింది రైలు 1863 జనవరి 10న లండనులో నడిచింది. దానిని లాగినవి బొగ్గు ఇంజనులు గనుక సొరంగములో పొగయే పొగ. మన దేశములో మొదటిది 1984 అక్టోబరు 24న కలకత్తాలో నడిచింది. లండనులో 1987 నవంబరు 18న కింగ్స్ క్రాస్ అను స్టేషనులో ఒక ఘోరము జరిగింది. కదిలే మెట్లు కొయ్యతో చేసినవి. ఎవరో పారవేసిన అగ్గిపుల్ల వాటి సందులో పడి, జిడ్డు, చెత్త అంటుకొని 31 మంది చనిపోయారు. లోపల పొగ త్రాగరాదని అప్పటికే నిషేధము ఉన్నది. అయినను పైకి పోతూ పోతూ వెలిగించుకొనుట జనమునకు అలవాటు. బోర్డు ఉన్నది, మనిషి తప్పు చేశాడు, మెట్లు కొయ్యవి గనుక ఆ చిన్న తప్పుకు 31 ప్రాణాలు బలియైనవి. ఆ తరువాత కొయ్యమెట్లను తొలగించి లోహపు మెట్లు పెట్టారు.

కాబట్టి నేడు స్టేషను గీయువారు మనిషి తప్పు చేయడు అనుకొని గీయరు. తప్పు చేసినను బ్రతుకవలెనని గీస్తారు. నిప్పు పుట్టితే ప్లాట్‌ఫారం మీద ఉన్నవారందరు 4 నిమిషములలో అక్కడినుండి కదిలిపోవలెను, 6 నిమిషములలో క్షేమమైన చోటికి చేరవలెను అని అనేక దేశములు అనుసరించే ఒక కొలత ఉన్నది. మెట్లు ఎన్ని, ఎంత వెడల్పు అను లెక్క దానినుండియే వచ్చును. పెద్ద పంకాలు పొగను ఒకవైపు నెట్టును, జనము మరొకవైపునుండి పైకి పోవుదురు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని చెప్పబడినది. ఎవడైనను పడిపోతే ఆ దోషము ఇంటిమీదికి వచ్చునట. పడినవాడు చూచుకొని నడువవలసినది అని అక్కడ లేదు, గమనించండి. గోడ కట్టవలసిన భారము కట్టినవానిదే. చెన్నైలోని ఆ అద్దపు గోడ కూడ నాకు పిట్టగోడ వలెనే కనబడింది.

మా గేటు వద్ద లారీ నడిపినవాని తప్పును గురించి చెప్పుకొన్నాము, దాని విచారణ చట్టము చేయును. అయితే మనిషి కూర్చుండే చోటును బండి పరుగెత్తే చోటును ఒక్కటిగా ఉంచినది ఎవరు? చూచి చూడనట్లు అలవాటు పడినవారిలో నేనును ఉన్నాను. ఎన్నోసార్లు బండి సగము రోడ్డుమీదనే ఆపి, దిగకుండనే కొత్తిమీర కట్ట అందుకొన్నాను.

తిరిగివచ్చిన తరువాత పెద్దమ్మ తన గోనెసంచిని రోడ్డు అంచునుండి తీసి, ఊరి దారిలోనికి ఇరవై అడుగులు లోపలికి మార్చుకొన్నది. ఆమెను చూచి మరి ఇద్దరు మారారు. కొందరు మారలేదు, వారిని తప్పు పట్టలేము. ఎందుకనగా మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత బేరము ఎట్లున్నదని అడిగితే ఆమె, "సగమైంది అయ్యగారూ. కార్లోళ్లు అంత దూరం దిగిరారు" అన్నది. తిరిగి రోడ్డుమీదికి పోతావా అని అడిగాను. "మన్మరాలిని చూసినంక పోబుద్ధి కాలే" అన్నది.

కూరగాయల అంగడికి రోడ్డుకు దూరముగా ఒక చదునైన స్థలము, దానికి రోడ్డువైపున గట్టి గోడ కావలెనని ఊరి పెద్దలతో కూడి మనవి వ్రాసుకొన్నాము. అది ఎప్పుడు అగునో, అడుగుట మాత్రము మానము.

చదువరులారా, మీరు ఈ దారిన వచ్చినప్పుడు మీ బండిని రోడ్డు పూర్తిగా దిగి ఆపండి. దయచేసి ఆ ఇరవై అడుగులు నడిచిరండి. అక్కడ పచ్చకొంగు తలకు చుట్టుకొని ఒక పెద్దమ్మ కూర్చుని ఉంటుంది. ఆమె టమాటలు తాజాగా ఉంటాయి.