అరకు కొండలలో చదువుబాట

గత మార్గశిరమున మేము విశాఖపట్టణమునుండి రైలెక్కి అరకు లోయకు బోయితిమి. శృంగవరపుకోట దాటినది మొదలు బండి సొరంగములలో దూరుచు, వెలువడుచు కొండలనెక్కును. అనంతగిరి ప్రాంతమున మిరియపుతీగెలల్లుకొన్న చెట్లనీడను కాఫీతోటలు, లోయలో పసుపు ఆరబోసినట్లు వలిసెపూలు కన్నులపండువు చేసినవి.

అయినను మా మనస్సున నిలిచినది ఆ సొగసు కాదు. ఒకచోట గట్టుమీద ఏడుగురు కళాశాల విద్యార్థులు ఫోనులతో గూర్చుండిరి. మావారు ఉపాధ్యాయులగుటచే పలుకరించిరి. వారి పల్లె పల్లమున నుండుటచే సిగ్నలందదు. కావున సాయంకాలము గట్టెక్కి, పాఠములను ఫోనులో నింపుకొని, రాత్రి ఇంట వినుచుందురట.

2020 మార్చిలో కోవిడువలన కళాశాలలు మూతపడినప్పుడు ఫోను పాఠము తప్పనిసరి యయ్యెను. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, ఏ కోర్సునందైనను నూటికి 40 వంతులవరకు ఆన్‌లైనులోను, తక్కినది తరగతిలోను బోధింపవచ్చునని ప్రతిపాదించెను. దీనినే మిశ్రమబోధన యందురు. మన తెలుగునాట నిది బొత్తిగా క్రొత్తది కాదు. 1982లో స్థాపితమై, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర వెలయు సార్వత్రిక విశ్వవిద్యాలయము అచ్చుపాఠములను, రేడియో పాఠములను, అధ్యయన కేంద్రములలోని తరగతులను జతపరచియే బోధించినది.

ఒక బాలిక మాతో నిట్లనెను: “అమ్మగారూ! తరగతిలో ఇంగ్లీషుపాఠము ఒక్కమారే వినబడును. ఫోనులో ఆపి ఆపి పదిమారులు వినగలను. కాని నాకు తెలియలేదని ఫోను కనిపెట్టలేదు. మాష్టారు ముఖము చూచియే కనిపెట్టుదురు.”

ఆ యేడుగురిలో బాలికలిద్దరే. తక్కిన బాలికలేరి యని యడిగితిమి. ఇంటికొక్కటే ఫోను, అది తండ్రిదో, అన్నదో. సిగ్నలందు గట్టెక్కు వేళకే ఆడపిల్లకు నీళ్లు, వంట, పసిబిడ్డల పని. తరగతిలో అన్నకును చెల్లెలికిని పాఠమొక్కసారియే అందును. ఇంట మాత్రము ఆమె వంతు కడపటిది.

సోదరీమణులారా! ఇది కొండపల్లెలకే చెల్లునా? పట్టణములలో, ఇంట రెండు ఫోనులున్నచోటను ఆడపిల్ల చదువువేళనే కదా మనకు పనులు జ్ఞప్తికి వచ్చుట! టవరు నిలుపుట ప్రభుత్వము వంతు. సందేహము దీర్చుట ఉపాధ్యాయుని వంతు. కుమార్తెకు దినమున కొక గంట ఫోనును, ఆ గంట పనినుండి విడుదలయు నిచ్చుట మన వంతు. అందులకు ఎవరి యుత్తరువును అక్కరలేదు.