ఆటలో పాట మార్చడం

ఆట దస్త్రాలను మార్చే ‘మోడింగ్’లో పాట మార్చడం అతి తేలికైన పనిగా కనిపిస్తుంది గాని, సోనీ పీఎస్‌పీ వంటి చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల విషయంలో అసలు చిక్కంతా పరిమాణంలో ఉంది. డిస్కు పూర్తి ప్రతిరూపమైన ఐఎస్‌ఓలో ప్రతి దస్త్రానికీ 2048 బైట్ల గడుల వరుసలో ఒక చోటు ఉంటుంది. కొన్ని ఆటలు దస్త్రాన్ని పేరుతో కాక నేరుగా గడి సంఖ్యతోనే వెతుక్కుంటాయి కనుక, కొత్త పాట పాతదానికంటే పెద్దదైతే తరువాతివన్నీ జరిగిపోయి ఆట మొరాయిస్తుంది.

చాలా ఆటల్లో ఎంపీ3 పనికిరాదు; 1992లో మినీడిస్క్‌తో వచ్చిన అట్రాక్ అనే కుదింపు పద్ధతికి వారసురాలైన అట్రాక్3లోకి పాటను మార్చి, అది ఎక్కడినుంచి మళ్లీ మొదలవ్వాలో తెలిపే లూప్ గుర్తులను కూడా పెట్టాలి. (ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగొచ్చే సినిమా పాటకు ఈ గుర్తు పెట్టడం సులువే.) సెకనుకు 132 కిలోబిట్ల నుంచి 66కు దించితే పరిమాణం సగమవుతుంది, వాద్యాల స్పష్టత మాత్రం తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో కంప్యూటర్ కోర్సులు చదివే విద్యార్థికి బైట్ల లెక్క ఇంత సూటిగా నేర్పే అభ్యాసం అరుదు. అయితే సినిమా పాటలు 1957 నాటి కాపీరైట్ చట్టం పరిధిలోనివి కనుక, మార్చిన ఆటను ఎవరికీ పంచకూడదు.