తిరువళ్లూరు, తిరుత్తణి: మన ఇంటి కైమా

మన పెద్దలు ఇప్పటికీ చెన్నపట్నమనే పిలిచే చెన్నైలో అరక్కోణం వైపు పోయే రైలు ఎక్కితే, 42 కిలోమీటర్ల దూరాన తిరువళ్లూరు వస్తుంది. అక్కడినుండి ఇంకా ముందుకు పోయి, అరక్కోణం దాటి ఉత్తరానికి తిరిగితే తిరుత్తణి కొండ కనబడుతుంది. ఈ రెండు ఊళ్ళకూ పోయి వచ్చినవారు సాధారణంగా దేవాలయాల గురించి వ్రాస్తారు. మేము ఈసారి ఆ ఊళ్ళలోని మన తెలుగు ఇళ్ళ వంటగదుల గురించి, అందులోనూ కైమా గురించి వ్రాయదలచాము. శాకాహారులైన పాఠకులు మమ్మల్ని మన్నించి ఈ పుట తిప్పివేయవచ్చు. తక్కినవారికి ఇది ఇంటి ఆరోగ్యానికి సంబంధించిన మాట.

తిరువళ్లూరులో కొలువైన స్వామి వైద్య వీరరాఘవుడు. రోగం నయం కావాలని మొక్కుకున్నవారు ఇక్కడి హృత్తాపనాశిని కొలనులో బెల్లం కలుపుతారు. అమావాస్యనాడు కొలను గట్టుమీద నిలబడడానికి చోటు దొరకదు. ఈ కోవెల అహోబిల మఠం వారి ఆధీనంలో ఉన్నది కనుక తెలుగుదేశపు అహోబిలంతో దీనికి పాత చుట్టరికమే ఉన్నది. దర్శనం చేసుకుని, ఊరి మరొక కొసన నాలుగు తరాలుగా కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం ఇంటికి పోయినాము. ఆ ఇంట్లో పెద్దావిడకు ఎనభై దాటినవి. పళ్ళు లేవు. చిన్న మనుమరాలికి ఇంకా అన్నీ రాలేదు. ఆదివారంనాడు ఆ ఇద్దరికోసమే కైమా వండుతారు. “పళ్ళు పోయినాక మాంసమంటే కైమానే నాయనా, ముక్క ఎక్కడ నమలగలను?” అన్నది పెద్దావిడ.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. కైమా ముఖ్యంగా నమలలేనివారి ఆహారం. ముసలివారికి, పసివారికి, జబ్బుపడి లేచినవారికి ఇంట్లో పెట్టే మాంసం అదే. కొవ్వు ఎక్కువైతే ముందుగా బాధపడేది గుండె జబ్బున్న ఆ ముసలివారే. సరిగా ఉడకకపోతే ముందుగా మంచానపడేది ఆ పసివారే. కాబట్టి మాంసపు రకాలన్నింటిలోను ఎక్కువ శ్రద్ధతో ఎంచుకోవలసినది కైమా. జరుగుతున్నది మాత్రం దానికి విరుద్ధం. ముక్కలు కొనేటప్పుడు ఇది ఎముక, ఇది కొవ్వు అని బేరమాడే మనం, కైమా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో ఉన్నది తూకం వేయించుకుని వచ్చేస్తాము.

ఆ ఇంటి కోడలితో కలిసి బజారుకు పోయినాము. ఒక దుకాణంలో మిషను ఆడించి ఉంచిన కైమా పళ్ళెంలో ఎర్రగా నిగనిగలాడుతున్నది. ధర కొంచెం తక్కువ. అందులో ఏమేమి కలిసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తొడ మాంసమా, పక్కటెముకల మీది కొవ్వుపొరలా, తెల్లవారుజామున కోసినదా, నిన్న మిగిలినదా, ఒకసారి నలిగిన తర్వాత అన్నీ ఒకే రంగు. ముక్కలో కొవ్వు కంటికి కనిపిస్తుంది. కైమాలో అది దాక్కుంటుంది. ఆ కోడలు పళ్ళెం వైపు చూడనైనా లేదు. వేలాడుతున్న తొడను చూపించి, “అన్నా, దీంట్లో అరకిలో ఎముక లేకుండా కోసి, పైన ఉన్న కొవ్వు తీసేసి, నా ఎదురుగా ఆడించు” అన్నది. మిషనులో అంతకుముందు ఆడించినది మిగిలి ఉంటుందని, ముందు దానిని విప్పి కడిగించింది కూడా. దుకాణదారు విసుక్కోలేదు. రోజూ వచ్చేవారి పద్ధతి అతనికి తెలుసు.

ఇది చాదస్తమని కొందరు అనుకోవచ్చు. అంకెలు చూడండి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయ ఆహారాల పోషక విలువలమీద ఒక పుస్తకం ప్రచురించింది. సేలంలో పుట్టిన డాక్టరు సి. గోపాలన్ గారు దాని కర్తలలో ఒకరు. అందులో కొవ్వులేని మేక మాంసం నూరు గ్రాములలో మాంసకృత్తులు 21.4 గ్రాములు, కొవ్వు 3.6 గ్రాములు. గొర్రె మాంసం నూరు గ్రాములలో మాంసకృత్తులు 18.5, కొవ్వు 13.3. ఈ లెక్కన అరకిలో మేక కైమాలో కొవ్వు 18 గ్రాములైతే, అరకిలో గొర్రె కైమాలో 66 గ్రాములకు పైమాట. తేడా మూడు పెద్ద చెంచాల నూనెకంటె ఎక్కువ. బాణలిలో నూనె చుక్క లెక్కపెట్టి పోసే ఇల్లాలు ఈ తేడాను దుకాణంలోనే వదిలిపెట్టి రావచ్చును గదా! దుకాణం బోర్డుమీద మేకకూ గొర్రెకూ ఒకటే మాట, ‘మటన్’. అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మనదే.

సాయంత్రం రైలులో తిరుత్తణి చేరినాము. ఈ ఊరు ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దుల తగాదా పరిష్కారమైన తర్వాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినప్పుడు దాని క్రిందికి వచ్చింది. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో ఇక్కడి తెలుగు కుటుంబంలోనే జన్మించారు. గీత మారినా మాట మారలేదు. దుకాణంలో ఒకరు కొత్తుకరి అని అడుగుతారు, ప్రక్కనున్నవారు కైమా అని అడుగుతారు. ఇద్దరికీ ఇచ్చేది ఒకటే.

మరునాటి ఉదయం మేము చూసిన దుకాణంలో మిషను లేదు. చింతమొద్దుమీద రెండు కత్తులతో కొట్టి ఇస్తున్నారు. మిషను కైమా ముద్దగా ఉంటుంది, కత్తి కైమా పలుకుగా ఉంటుంది. పలుకుగా ఉన్నదానిలో తెల్లటి కొవ్వు కొంతైనా కంటికి ఆనుతుంది, ఏరివేయవచ్చు. నడివయసు దాటిన ఆ దుకాణదారు మంచి తెలుగులో మాకు కొన్ని గుర్తులు చెప్పాడు. మేక తోక పొట్టిగా పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక క్రిందికి వేలాడుతుంది. అందుకనే చాలామంది తోక ఉంచి వేలాడదీస్తారు. మేకకు కొవ్వు ఎక్కువగా కడుపులో, పేగుల చుట్టూ చేరుతుంది. గొర్రెకు చర్మం క్రిందనే దళసరిగా పేరుకుంటుంది. కైమాకు తొడ మేలు, తర్వాత ముందుకాలి మాంసం. పక్కటెముకలమీది పల్చటి మాంసం, పొట్ట దగ్గరిది కైమాకు పనికిరావు. “రుచికి కొంచెం కొవ్వు వెయ్యమంటారు సార్, వేస్తాం. వద్దంటే వద్దు. నోరు తెరిచి చెప్పాల కదా!” అన్నాడు.

కోడి కైమా తేలిక అని ఇప్పుడు చాలామంది దానికి మారుతున్నారు. మంచిదే, కాని చర్మం తీయించి, ఎదురుగా ఆడించినప్పుడే. కోడి కొవ్వులో ఎక్కువ భాగం చర్మంలోను, దాని క్రిందను ఉంటుంది. చర్మంతో కలిపి ఆడించిన కోడి కైమా, శుభ్రం చేసిన మేక కైమాకంటె తేలిక కానేకాదు.

తిరుత్తణిలో మాకు భోజనం పెట్టిన ఇల్లాలు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆమె దుకాణంలో కొట్టించదు. ఎముక లేని ముక్కలుగా తెచ్చి, కడిగి, నీరు ఓడ్చి, కాసేపు ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, మిక్సీలో ఆపి ఆపి రెండు మూడుసార్లు తిప్పుతుంది. చల్లగా ఉంటే ముద్ద కాదట. తరువాత ఆ గిన్నెను వేడినీళ్ళతో, సబ్బుతో కడిగిగాని వేరే పనికి వాడదు. దీనిలో కిటుకు ఉన్నది. ముక్కకు మురికి, క్రిములు పైపైన ఉంటాయి. నలగగొట్టిన తర్వాత అవి లోపలంతా కలిసిపోతాయి. అప్పుడు ఎంత కడిగినా లాభం లేదు, సారం పోవడం తప్ప. కనుక కడగడం నలగకముందే. కైమాను ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు.

ఆమె వంట చూడండి. బాణలిలో నూనె లేకుండా కైమా వేసి, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద చేర్చి, దాని నీటిలోనే ఉడికించింది. పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసివేసింది. నానబెట్టిన శనగపప్పు సగం ఉడికించి చేర్చి, చివరకు దోసెడు మునగాకు వేసింది. రెండు చెంచాల నూనెతో విడిగా పోపు. దించిన తర్వాత నిమ్మకాయ పిండింది. మాంసంలోని ఇనుము, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు తోడ్పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. కాబట్టి కైమా కూరను ముందు మగవారికి వడ్డించి, అడుగున మిగిలిన పప్పు ఆడవారు తినే అలవాటు ఏ ఇంట్లోనైనా ఉంటే మానుకోవాలి.

కైమా ఉండలను ఆమె నూనెలో దేవదు. వేయించిన శనగపప్పు పొడి కలిపి, ఉండలు చేసి, ఇడ్లీ పాత్రలో ఆవిరిమీద ఉడికించి, తర్వాత గుంతపొంగణాల పెనంలో చుక్క నూనెతో ఎర్రగా కాలుస్తుంది. ఉండలతోనే ప్రమాదం. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. నలిగిన మాంసం నడిమధ్య కూడా 71 డిగ్రీలు, కోడి అయితే 74 డిగ్రీలు వేడెక్కాలని ఆహార శాస్త్రజ్ఞులు చెబుతారు. ముందుగా ఆవిరిమీద బాగా ఉడికిస్తే ఆ చింత తీరుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ తిప్పలు తక్కువ. అక్కడ పొట్లంమీదనే నూటికి ఎంత కొవ్వో అచ్చువేసి ఉంటుంది. అక్కడి గొడ్డుమాంసపు కైమాలో కొవ్వు నూటికి 30 పాళ్ళు మించరాదని చట్టమున్నది. వారు తక్కువ అంకె ఉన్న పొట్లం ఎంచుకుంటే చాలు. ఇక్కడ అచ్చు లేదు కనుక మన కళ్ళే అచ్చు.

ఇక ఎంత తినాలి? వండిన ఎర్ర మాంసం మనిషికి వారానికి 350 నుండి 500 గ్రాములు మించకూడదని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి వారి సలహా. ఆదివారం అరకిలో తెచ్చి ఐదుగురు తినే ఇంట్లో తలకు నూరు గ్రాముల పచ్చి మాంసమే వస్తుంది. అది హద్దులోనిదే. ఈ ఊళ్ళవారికి హద్దు వేరే చెప్పనక్కరలేదు. తిరువళ్లూరులో అమావాస్య, తిరుత్తణిలో కృత్తిక, శుక్రవారాలు, పురట్టాసి మాసమంతా చాలా ఇళ్ళలో మాంసం పొయ్యిమీదికి ఎక్కదు. పెద్దలు భక్తితో పెట్టుకున్న నియమం ఒంటికి కూడా మేలు చేస్తున్నది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు మానాలో వారు మనకు నేర్పి పోయినారు. దుకాణంలో ఏది అడగాలో మనం నేర్చుకోవాలి.

తిరుత్తణి కొండకు 365 మెట్లు. సూరపద్ముని సంహరించిన తర్వాత కుమారస్వామి కోపం చల్లారినది ఇక్కడనే అంటారు. అందుకనే తక్కిన మురుగన్ క్షేత్రాలలో మాదిరి ఇక్కడ సూరసంహార ఉత్సవం చేయరు. మేము మెట్లు దిగి వస్తుండగా ఒక ముసలాయన మనుమని చేయి పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతున్నాడు. మెట్టుకు మెట్టుకు ఆగుతున్నాడు గాని ఎక్కుతూనే ఉన్నాడు. మన ఇళ్ళలో పెద్దవారు ఆ వయసులో ఆ మాత్రం మెట్లు ఎక్కగలగాలంటే, వారి పళ్ళెంలో పడే మెత్తని ముద్ద దుకాణంలో గట్టి ముక్కగా ఉన్నప్పుడే మనం చూసి ఎంచినదై ఉండాలి.