గట్టు మీది జనం

రథసప్తమి నాడు అరసవల్లిలో సిగ్గుకు సెలవు. ఇంకా చీకటి విడవకముందే రిటైరైన తహసీల్దారూ, ఒకప్పుడు ఆయన ముందు చేతులు కట్టుకున్న బంట్రోతూ ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద తడి పంచెలతో పక్కపక్కనే నిలబడతారు. నెత్తిన జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని మునుగుతారు. బొజ్జలూ ఆపరేషన్ కుట్లూ అన్నీ బయటే. అవే బొజ్జలకు ఈత నిక్కరు తొడిగి, తలకు రబ్బరు టోపీ పెట్టి, కొలను గట్టున నాలుగో లైను ముందు నిలబడమనండి. ఊరంతా తననే చూస్తోందని ఆ తహసీల్దారుగారికి చెమటలు పట్టేస్తాయి.

నాకూ పట్టాయి. పెద్దవాళ్లకు పెట్టే మాస్టర్స్ ఈత పోటీల ఫారం ఒకటి తెచ్చి మిత్రుడొకడు నా బల్ల మీద పెట్టాడు. "ఏటి బావా, రోజూ బారలేస్తావు గదా, పేరిచ్చీ" అన్నాడు. రోజూ ఈదడం వేరు, పేరివ్వడం వేరు. మా వైపు పోటీల కోసం ఈత నేర్చుకున్నవాళ్లు తక్కువ. గుంటలు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని నాగావళిలో దిగేవారు. వచ్చిన ఈత గేదెలను ఒడ్డుకు తోలడానికి పనికొచ్చేది. జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. వేటకెళ్లేవాళ్ల ఈతకు ఎవరూ గడియారం పట్టలేదు. ఈత వస్తే బతుకుతారు, రాకపోతే లేదు. ఎనిమిదో స్థానం అనే మాటకు అక్కడ తావే లేదు. నన్ను భయపెట్టింది సరిగ్గా ఆ ఎనిమిదో స్థానమే.

భయం పోవడానికి నియమాలు చదవడం మొదలెట్టాను. కొందరు ఇలాంటప్పుడు ఆంజనేయ దండకం చదువుతారు, నాకు నియమావళి పనిచేసింది. 25 ఏళ్లు దాటినవారెవరైనా మాస్టర్సే. అక్కణ్నించి ఐదేసి ఏళ్లకో విభాగం. ఎనభై దాటితే పోటీకి మనిషి దొరకడమే కష్టం, కాబట్టి ఓపికుంటే పతకం ఎప్పటికైనా మనదే. దిమ్మ మీంచి దూకి తీరాలని లేదు. నీళ్లలోనే ఉండి, గోడ పట్టుకుని బయల్దేరవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది మరొకటి. ఫ్రీస్టైల్లో ఆయాసం వచ్చి అడుగున కాళ్లానించి నిలబడితే పోటీలోంచి తీసెయ్యరు. నడవకూడదు, అంతే. ఆ నియమం రాసిన మహానుభావుడు నాలాంటివాణ్ని ఎక్కడో చూసే ఉంటాడు. దయలేని నియమం ఒక్కటే: బూర మోగకముందే కదిలితే ఇంటికి పంపేస్తారు.

ఆ నియమం దెబ్బకే ఒక మనిషి లోకానికి తెలిశాడు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ. ఆ రోజు సంగతి మా జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే రోజు, అదే సిడ్నీలో, నేను చెప్పబోయిన ఆ మనిషి, ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముసాంబానీ, 100 మీటర్ల ఈతకు దిగాడు. ఈత నేర్చుకుని ఎనిమిది నెలలే. సాధన చేసింది ఓ హోటల్ కొలనులో. 50 మీటర్ల కొలను చూడటం అదే మొదలు. అతనితో దిగాల్సిన ఇద్దరూ బూర కన్నా ముందే కదిలి పోటీకి దూరమయ్యారు. వేల మంది చూస్తుండగా అతనొక్కడే ఈదాడు. చివరి మీటర్లలో మునిగిపోతాడేమోనని అందరికీ భయమేసింది. పట్టిన కాలం 1 నిమిషం 52.72 సెకన్లు. ఆ పోటీలో స్వర్ణం గెలిచినవాడికి 48.30 సెకన్లు చాలాయి. అయినా జనం లేచి చప్పట్లు కొట్టారు. నవ్వినవాళ్లూ లేకపోలేదు. తర్వాత అతను తన దేశపు ఈత జట్టుకే కోచ్ అయ్యాడు. మల్లీశ్వరికి దండం పెడతాను గానీ, నా బోటివాడికి గురువుగా పనికొచ్చేది ముసాంబానీయే.

అతని గట్టు మీద ఉన్నది ప్రేక్షకులు. మాస్టర్స్ పోటీల్లో ఆ బాధ కూడా తక్కువ. గట్టు మీద ఉండేవాళ్లలో ఎక్కువమంది తరవాతి హీట్లో దిగాల్సినవాళ్లే. కళ్లజోడు బిగించుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ వాళ్ల గుండెదడలో వాళ్లుంటారు. పుష్కరిణి మెట్ల మీద సిగ్గు వెయ్యకపోవడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. అక్కడ చూసేవాడూ మునిగేవాడే.

వయసు మీరిందంటారా, సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామలకు ఒకప్పుడు నీళ్లంటే భయం ఉండేది. ఆమె ఈత నేర్చుకున్నదే నలభై దాటాక. 2021లో, 47 ఏళ్ల వయసులో పాక్ జలసంధిని ఈదింది. యాభై దాటాక విశాఖ నుంచి కాకినాడ వైపు 150 కిలోమీటర్లు రోజుకింత చొప్పున సముద్రంలోనే ఈదుకుంటూ వెళ్లింది. మేం ఆ దూరం రైల్లో వెళ్లడానికే బద్ధకిస్తాం.

ఫారంలో 50 మీటర్ల ఫ్రీస్టైల్ దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. పాతికేళ్లు దాటి, ఈత వచ్చినవాళ్లు ఇది చదువుతుంటే, ఓసారి డాక్టరుకు గుండె, బీపీ చూపించుకుని మీరూ పేరివ్వండి. పక్క లైన్లు ఖాళీగా ఉంటే నాకు మరీ భయం.