రోజుకో అధ్యాయం

డిసెంబరు వచ్చిందంటే మా గుంటూరు వీధిలో స్టార్లు వెలుగుతాయి, ఆడవాళ్ళ తలలో మాత్రం ఒక లిస్టు తిరుగుతుంది. ఇల్లు దులపాలి, కర్టెన్లు ఉతకాలి, పిల్లల బట్టలు కుట్టుకివ్వాలి, అరిసెలకి బియ్యం నానబొయ్యాలి, ఆడపడుచుకి చీర తీయాలి. మధ్యలో సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట కేరల్స్ వాళ్ళొస్తే టీలు. తీరా 25న చర్చిలో కూర్చునేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి. పాస్టర్ గారు ఎవరి పుట్టుక గురించి చెబుతున్నారో వినే ఓపిక ఉండదు. ఇంట్లో బిర్యానీ అందరికీ సరిపోతుందా అన్నదే మన ధ్యాస. అవునా కాదా?

ఈ ఏడాది మా ఇంట్లో ఆ లిస్టుకి ఇంకో బరువు తోడైంది. మావారికి మూడు నెలలుగా జీతం రావడం లేదు. దాచుకున్న దాంట్లోంచి అద్దె, ఫీజులు, అత్తయ్య మందులు పోను నవంబరు చివరికి చేతిలో మిగిలింది 4 వేల చిల్లర. "ఏడాదికొక్క పండగ వదినా, గాజులు బ్యాంకులో పెట్టండి, తర్వాత విడిపించుకోవచ్చు" అంది మా ఆడపడుచు ఫోన్లో. ప్రేమతోనే అంది. మావారు ఏమీ మాట్లాడలేదు.

అత్తయ్యే అన్నారు, "ఆయన పుట్టినరోజుకి మనం అప్పులపాలు కావాలా అమ్మా? లూకా సువార్త 24 అధ్యాయాలు. ఒకటో తారీకు నుంచి రోజుకొకటి చదువుకుంటే పండగ నాటికి అయిపోద్ది. ముందు అది చేద్దాం, మిగతావి తర్వాత చూద్దాం."

రాత్రి ఎనిమిదిన్నరకి టైము పెట్టుకున్నాం. టీవీ బందు, ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద. చెప్పినంత తేలిక కాదు. మొదటి అధ్యాయమే 80 వచనాలు! పెద్దాడు ఆవలింతలు. నాకేమో చదువుతుంటే గ్యాస్ బుక్ చేయలేదని, పాలవాడి లెక్క చూడలేదని గుర్తొచ్చేది. అందుకని పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. గుర్తొచ్చింది అందులో రాసేసి మళ్ళీ వాక్యంలోకి వచ్చేస్తాను. రాసేశాక మనసు దాన్ని పట్టుకుని వేలాడదు. మీరూ చేసి చూడండి.

రెండో రోజు మావారు చదివారు. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, అన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే. పసిబిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళినప్పుడు మరియ, యోసేపు అర్పించిన పక్షుల దగ్గర ఆయన ఆగారు. లేవీయకాండము 12వ అధ్యాయం తీసి చూశాం. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్ళు రెండు పక్షులు తెస్తే చాలని ఉంది అందులో.

"అంటే వాళ్ళ చేతిలోనూ లేదన్నమాట" అన్నారాయన మెల్లగా.

అప్పటిదాకా జీతం సంగతి పిల్లల దగ్గర ఎత్తని మనిషి, ఆ రాత్రి ఉన్నదున్నట్టు చెప్పారు. చిన్నది వెంటనే, "నాకు పోయినేడాది గౌను చాలు డాడీ, పొట్టిగా ఉంటే అమ్మ లేసు కుడుతుంది" అంది. పెద్దాడు మాట్లాడలేదు. పదో తరగతి వయసు, స్నేహితులంతా కొత్త చొక్కాలతో వస్తారు. వాడి బాధ వాడిది. నాలుగు మంచి మాటలు చెప్పి దాన్ని కప్పెయ్యాలని నేను చూడలేదు. పక్కన కూర్చున్నానంతే.

10వ తారీకున మార్త, మరియల సంగతి వచ్చింది. వంట చేయడం తప్పని యేసు మార్తకి చెప్పలేదు. ఇంటికొచ్చిన వాళ్ళకి అన్నం పెట్టొద్దా మరి? ఒక్క మనిషి వంద పనుల గురించి కలవరపడుతోందనే ఆయన చెప్పింది. మర్నాడు నా లిస్టు ముందేసుకుని సగం కొట్టేశాను. అరిసెలు ఉంచాను, కిలో బియ్యానికి మాత్రమే. పై వాటా వాళ్ళకి, ఎదురింటి వాళ్ళకి ఓ ప్లేటు పంపకపోతే నాకే తోచదు. కర్టెన్లు జనవరిలో ఉతుక్కోవచ్చు. గాజులు చేతికే ఉన్నాయి.

ఆడపడుచుకి ఫోన్ చేసి, "ఈసారి చీర పెట్టలేం, పండగకి వచ్చి మాతో భోంచేసి వెళ్ళు" అని సూటిగా చెప్పాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "కూర నేను వండి తెస్తాలే వదినా" అంది.

ఇవాళ 18వ తారీకు, 18వ అధ్యాయం. న్యాయం కోసం న్యాయాధిపతి గుమ్మం చుట్టూ విసుగు లేకుండా తిరిగిన విధవరాలి కథ. మావారి జీతం ఇంకా రాలేదు. రేపు కూడా ఆఫీసుకి వెళ్ళి అడుగుతారు, ఇంట్లో మేము ప్రార్థన చేస్తాం.

మీరింకా మొదలుపెట్టకపోతే, లూకాలో మొదటి రెండు అధ్యాయాలైనా పండగలోపు ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. స్టవ్ కట్టేసి కూర్చోండి. అరిసెలు ఓ అరగంట ఆగుతాయి.