మాలదీవులలో మా కాపురము

“చుట్టును సముద్రమే గదా, మీకు నీటికేమి కొదువ?” అని మా పినతల్లిగారు ఫోనులో నవ్వుచు నడిగిరి. ఆ ప్రశ్నకు ఫోనులో సమాధానము చెప్పుట కుదరలేదు. తీరికగా చెప్పవలసిన సంగతి గనుక సోదరీమణులందరును చదువునట్లు ఇచట వ్రాయుచున్నాము.

2023 జనవరిలో మావారికి మాలదీవుల దక్షిణభాగమున, హువదు అను దీవుల వలయములో, ఒక పాఠశాలయందు గణితోపాధ్యాయ పదవి దొరకినది. మన దేశమునుండి ఈ దేశపు బడులకు ఉపాధ్యాయులు వచ్చుట కొత్త గాదు. అప్పటికి మా అమ్మాయికి ఆరేండ్లు, చిన్నవానికి రెండేండ్లు. బెంగుళూరు మీదుగా మాలే నగరము చేరి, అచటినుండి చిన్న విమానమున గంటసేపు దక్షిణముగా పోయి, విమానాశ్రయమున్న దీవిలో దిగితిమి. ఆ దీవి పేరు కాడెద్దూ. పేరు విని అమ్మాయి “ఎద్దులెక్కడ?” అని నలుదిక్కులు వెదకినది. ఎద్దు కాదు గదా, దున్నదగిన పొలమైనను మాకు కనబడలేదు. అచట మరల పడవ యెక్కి మా దీవి చేరితిమి. ఈ కొనననుండి ఆ కొనకు నడచుటకు పావుగంట చాలును.

దేశమంతటను సుమారు 1200 దీవులు గలవు. వానిలో జనులు కాపురముండునవి రెండువందలకు లోపు. నేల చాలచోట్ల సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్ల యెత్తు మాత్రమే. నది యన్నది లేదు. పెరటిలో నూయి త్రవ్విన రెండు మూర్లకే నీరు పడును గాని, ఆ నీరు గిన్నెలు తోముటకు, బట్టలుతుకుటకు మాత్రమే పనికివచ్చును. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అనేక దీవుల నూతినీరు ఉప్పుబారినదట. కొన్ని దీవులలో ఇప్పుడు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చు యంత్రములు వచ్చినవి. మా యింటికి మాత్రము త్రాగుటకు, వంటకు వాననీరే గతి. ఇంటి కప్పు చూరున గొట్టము కట్టి, ఆ నీటిని 2500 లీటర్ల ప్లాస్టికు ట్యాంకులో పట్టి, సంవత్సరమంతయు వాడుకొనవలెను.

వినుటకు సులభముగా నున్నది గాని, దీనికొక శాస్త్రమున్నది. మొదటి వానను పట్టరాదు; అది కప్పుమీది దుమ్మును, పక్షుల రెట్టలను కడిగి పోవలెను. పావుగంట వర్షించిన పిమ్మట గొట్టమును ట్యాంకువైపు త్రిప్పవలెను. మూతికి మడత పెట్టిన పలుచని గుడ్డ కట్టవలెను. సందు దొరకినచో దోమ గ్రుడ్లు పెట్టును. అర్ధరాత్రి చినుకు పడినను ఇల్లాలు లేచి గొట్టము త్రిప్పవలసినదే. కాళిదాసు మేఘము నెంత వర్ణించినను, ట్యాంకు నింపు మేఘమును వర్ణింపలేదని మావారితో ననుచుందుము.

మేము చేరినప్పటికి ట్యాంకు సగమే యున్నది. దినమునకు పాతిక లీటర్ల చొప్పున లెక్కించి మావారు గోడమీద గీతలు గీసిరి. ఫిబ్రవరి గడచినది, రెండు మూడు జల్లులు పడినవి గాని కప్పు కడుగుటకే చాలలేదు. గీతలు తరిగిపోవుచుండగా, పప్పు కడిగిన నీటిని కూడ పారబోయుటకు చేయి రాకపోయెను. చిన్నవాడు ఆటకై చెంబెడు నీరు నేలపాలు చేసిననాడు మేము వానిని మందలింపబోయి, వాని ముఖము చూచి ఊరకుంటిమి.

ఆ సాయంకాలమే ప్రక్కయింటి ఆమె రెండు బిందెల నీరు తెచ్చి మా గడపలో పెట్టెను. ఈ దేశపు దివేహి భాషలో అక్కను ‘దత్త’ యందురు. తండ్రిగారి యొద్ద ఇంటనే కొంచెము సంస్కృతము చదువుకొన్న మాకు ఆ మాట ‘ఈయబడినది’ యను నర్థముననే వినబడును. పిల్లలతోబాటు మేమును ఆమెను దత్త యనియే పిలుచుచున్నాము. వాన యెప్పుడు వచ్చునని చేతిసైగలతో నడిగితిమి. ఆమె వ్రేళ్లు మడచుచు అస్సిద, బురును, కెతి, రోను, మియహెలియ, అద అని వరుసగా చెప్పుకొనిపోయెను. మూడవ పేరు దాటునప్పటికి మాకు గుండె ఝల్లుమన్నది. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర! ఇవి మన కార్తెలే!

వీరు వీనిని ‘నకై’ యందురు. మనవలెనే ఇరువదియేడు, ఒక్కొక్కటి పదుమూడు పదునాలుగు దినములు. డిసెంబరు 10న మూలతో ‘ఇరువయి’ యను ఈశాన్యపు గాలి కాలము, ఏప్రిల్ 8న అస్సిదతో ‘హుళంగు’ అను పడమటి గాలి వానకాలము మొదలగునని వారి లెక్క. మన పంచాంగమునకు అయిదారు దినములు ముందు. చేపలు పట్టువారును, చేమదుంపలు నాటువారును తరతరములుగా దీనినే నమ్మిరి. మన రైతులు ఏ నక్షత్రములను జూచి విత్తనములు చల్లుదురో, వానినే చూచి వీరు పడవలు దింపుదురు. మతము వేరు, లిపి వేరు. వీరి తాన లిపి కుడినుండి యెడమకు నడచును. ఐనను ఆకాశమును పంచుకొన్న విధ మొక్కటే. పుస్తకములు చదివిన మాకు ఈ సంగతి ఎవ్వరును చెప్పియుండలేదు.

ఆ సంవత్సరము అస్సిదలోనే వాన దిగినది.

జూనులో, మృగశిరనాడు, చిన్నవానికి జ్వరము తగిలెను. మూడవనాడు ఆరోగ్యకేంద్రపు వైద్యుడు రక్తపరీక్ష చూచి, డెంగ్యూ జ్వరమని చెప్పి, తినదూలోని పెద్దాసుపత్రికి తీసికొనిపొమ్మనెను. హుళంగు సముద్రము పొంగియున్నది. తెల్లవారువరకు పడవ కదలదనిరి. ఆ రాత్రి మేము చేసిన పని యొక్కటే, చెంచాతో నీరు త్రాగించుట. ఆ నీరు దత్త తెచ్చిన బిందెలోనిది కాదు, మేము పట్టుకొన్నదే. ఐనను ప్రతి చెంచాకు ఆమెయే జ్ఞాపకము వచ్చెను. తెల్లవారగనే ఆమె వచ్చి అమ్మాయిని తన యింటికి తీసికొనిపోయెను. పడవలో రెండు గంటలు అలలపై ఎగిరి పడుచు, పిల్లవానిని వక్షమునకు హత్తుకొని కూర్చుంటిమి. ఆసుపత్రిలో అయిదు దినములుంటిమి. నాలుగవనాడు వాడు ఇడ్లీ కావలెనని యేడ్చెను. అంతటి సంతోషకరమైన ఏడ్పు మేము మరి వినలేదు.

తిరిగి వచ్చునప్పటికి మా ట్యాంకు నిండి పొరలుచున్నది. మేము లేని అయిదు రాత్రులు దత్తయే లేచి మా గొట్టమును త్రిప్పినదట. అమ్మాయి దత్త యింటి పెరటిలోని ఊగుబల్ల మీద కూర్చుండి మునగాకు దూయుచుండెను. ఆ ఊగుబల్లను వీరు ‘ఉందోలి’ యందురు. మనకు ఆందోళిక గుర్తునకు వచ్చును. మా యింట చేపలు వండరని యెరిగి, ఆ అయిదు దినములును పిల్లకు సీమపనస వేపుడు, కొబ్బరి, రొట్టె వేరు పాత్రలో చేసి పెట్టినది.

ఇక అత్తగారి మాట. 2025లో ఒడంబడిక ముగియునప్పుడు వారు, “పిల్లకు తెలుగు రాకపోవును, మావద్ద నుంచుడు” అని గట్టిగా చెప్పిరి. వారి భయము కారణము లేనిది కాదు. అమ్మాయి నిద్రలో దివేహి మాటలాడుట మేము స్వయముగా వింటిమి. బడిలో ఇంగ్లీషు, వీధిలో దివేహి. తెలుగునకు మిగిలినది వంటయింటి పీట యొక్కటే. ఒకనాటి రాత్రి ధ్రువోపాఖ్యానము చెప్పగా, అమ్మాయి వెలుపలికి పోయి ధ్రువుని చూపుమనెను. మేము భూమధ్యరేఖ ప్రక్కనే యుంటిమి. గ్రంథములు నిరక్షదేశమని చెప్పునట్టి చోటు. సంవత్సరమంతయు పగలు రాత్రి సమానము. ధ్రువుడు సముద్రపుటంచున నణగిపోయి కంటికి కానరాడు. “మరి తాతగారింట కనబడునా?” యని యడిగినది. కనబడునంటిమి. ఆ మాటకు దాని ముఖములో వచ్చిన దిగులు అత్తగారి వాదమునకంటె బలముగా తాకినది.

మావారును మేమును పలుదినములు తర్కించితిమి. తల్లిదండ్రుల యొద్ద నేర్వని తెలుగును పిల్ల తాతగారింట నేర్చునుగాని, తమ్ముని, తండ్రిని విడచి నేర్చిన భాష దానికి చేదుగా నుండునని మాకు తోచినది. మావారు మరి రెండేండ్లకు సంతకము చేసిరి. నాటినుండి సాయంకాలము గంటసేపు ఎట్టి పనియున్నను పెద్దబాలశిక్ష ముందుంచుకొని కూర్చుందుము. శుక్ర శనివారములిచట సెలవు. ఆ రెండు దినములు పద్యములు. అమ్మాయి మన కార్తెలను ఎడమనుండి, నకైలను కుడినుండి ఒకే పుటలో వ్రాసి దత్తకు చూపగా, ఆమె ఎదురు మరి నాలుగు తప్పులు దిద్దెను.

మూల సమీపించుచున్నది. ట్యాంకు అడుగు కడిగి, మూతి గుడ్డ మార్చవలెను. ఉగాదికి కొత్త పంచాంగముతోబాటు రెండు వీసెల చింతపండు పంపుమని అత్తగారికి చెప్పితిమి. అందులో ఒక వీసె దత్తకు. మా చారు ఆమెకు మిక్కిలి ప్రీతి.