తెల్లపొడి మీద చుక్కలు

గోడకి వేసే తెల్లరంగులో, ఎండకి రాసుకునే సన్‌స్క్రీన్‌లో ఉండే తెల్లదనం చాలావరకు టైటానియం డయాక్సైడ్‌ది. కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఆ ముక్క తెలుసు. అంతకుమించి గుర్తున్నది తక్కువ. ఫైనలియర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చిన వారంలోనే పుస్తకాలన్నీ జూనియర్లకి ఇచ్చేశాను.

చెల్లి మాత్రం కెమిస్ట్రీని వదల్లేదు. ఐదేళ్ళుగా ఆ తెల్లపొడి మీద ప్లాటినం పరమాణువుల్ని విడివిడిగా నిలబెట్టే పనిలో ఉంది. నేను ఐదేళ్ళుగా "ఎప్పుడవుతుందే?" అని అడిగే పనిలో ఉన్నాను.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు థీసిస్ మొదటి చాప్టర్ చదివి పెట్టమంది. నాలుగు పుస్తక సమీక్షలు రాసినందుకు ఇంట్లో నాకున్న పరపతి అది.

ప్లాటినం ఖరీదైన ఉత్ప్రేరకం. చిన్న నలుసులో కూడా పైనున్న పరమాణువులే పని చేస్తాయి, లోపలివి ఊరికే జీతం తీసుకుంటాయి. (మా ఆఫీసు గురించి కాదు.) మరి అన్నిటినీ పైనే, ఒక్కొక్కటిగా పరిస్తే? 2011లో చైనాలోని దాల్యన్‌లో టావ్ ఝాంగ్ బృందం ఐరన్ ఆక్సైడ్ మీద అలా చేసి, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సీకరించి చూపించింది. సింగిల్ ఆటమ్ కెటాలిసిస్ అన్న పేరు అక్కణ్ణించే స్థిరపడింది.

చిక్కేమిటంటే విడిగా ఉన్న పరమాణువు కుదురుగా ఉండదు. వేడి తగిలితే జారి, పక్కవాటితో కలిసి ముద్దైపోతుంది. కింది పొడిలోని ఆక్సిజన్ పరమాణువులో, ఉపరితలంలోని లోపాలో దాన్ని పట్టి ఉంచాలి.

లాప్‌టాప్‌లో మైక్రోస్కోప్ బొమ్మ చూపించింది. బూడిదరంగు వరసలు, వాటిమీద అక్కడక్కడా తెల్లచుక్కలు. టైటానియం పరమాణు సంఖ్య 22, ప్లాటినానిది 78. బరువైనదే ఎక్కువ వెలుగుతుంది.

"నాయిస్‌లా ఉందే," అన్నాను.

తను నవ్వలేదు. ఆ బొమ్మకి ఎనిమిది నెలలు పట్టిందట. అంతకుముందు చేసినవన్నీ ముద్దలే. ఆ ఎనిమిది నెలల్లోనే నేను తనని అడక్కుండా తన రెజ్యూమే మా కంపెనీ హెచ్‌ఆర్‌కి పంపాను. వాళ్ళు ఫోన్ చేస్తేగానీ తనకి తెలీలేదు. ఆ సంగతి మా మధ్య ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి పేజీలో 1978 నాటి కథ ఉంది. ఎక్సాన్‌లో టాస్టర్, ఆయన సహచరులు టైటానియం డయాక్సైడ్ మీద ప్లాటినంలాంటి లోహాలను హైడ్రోజన్‌లో 500 డిగ్రీల దాకా వేడి చేశారు. చల్లార్చి చూస్తే అవి హైడ్రోజన్‌ని దాదాపు పట్టుకోవడమే మానేశాయి. కారణం తర్వాత తేలింది. కింద ఆధారంగా ఉన్న ఆక్సైడే పలచటి పొరలా పాకి లోహాన్ని కప్పేస్తోంది.

"సపోర్టే కప్పేసిందా?" అన్నాను.

"ఎక్కువ వేడెక్కిస్తే అంతే అన్నయ్యా. నీ రిఫరల్‌లాగా."

ఈసారి నవ్వింది. నాకే నవ్వు రాలేదు.

"మరి ఆ పొర పోదా?"

"ఆక్సిజన్‌లో వేడి చేస్తే వెనక్కి పోతుంది."

చాప్టర్‌లో నేను దిద్దినవి కామాలే. ఒకచోట 'ఒంటరి పరమాణువు' అన్న అర్థం వచ్చేలా మార్చితే కొట్టేసింది. పరమాణువుకి ఒంటరితనం ఉండదట, విడిగా ఉంటుందంతే. సమీక్షకుడిగా నాకు పడిన మొదటి మొట్టికాయ.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. అలవాటుగా నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేసి, "చుక్కలు ఎన్ని డిగ్రీల దాకా నిలబడ్డాయి?" అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు.

"మూడొందలు," అంది. తర్వాత అరగంట చెబుతూనే ఉంది.